నానమ్మల పీరియడ్

బడిలో వసంతం రెండో అంతస్తుకు చేరింది. ఒకటో తరగతి కిటికీ అద్దాలకు కాగితం పూలు అంటించారు. గుమ్మానికి దూదితో చేసిన పిచ్చుకలు వేలాడుతున్నాయి. కింద ఆవరణలో నిజం పూలు కూడా పూశాయిగాని వాటి దగ్గరికి పిల్లలు వెళ్ళకూడదు. మట్టి అంటుతుంది.

గది వెనక వరసలో మేనేజరు చెమట తుడుచుకుంటున్నాడు. ఆయన పనిచేసేది టైల్స్ షోరూములో. మెరిసేది ముందు గదిలో ఉండాలి, మచ్చపడ్డది వెనక గోడౌనులో ఉండాలి. ఆయన నమ్ముకున్న శాస్త్రం అదొక్కటే. ఇన్నేళ్ళలో అది ఆయన్ను ఒక్కసారీ ముంచలేదు. ఈ ఉదయం మాత్రం ఆయన చూపించవలసిన సరుకు టైల్స్ కాదు, కుటుంబం.

వసంత వారోత్సవాలు చూడడానికి పేరున్న పెద్దబడి వాళ్ళు వచ్చారు. నచ్చిన పిల్లల్ని ఒకటో తరగతిలోనే ఎంచుకుని తీసుకుపోతారు. ఈసారి ఇచ్చేది ఒక్క సీటు. దాన్ని తన కూతురు బుజ్జమ్మకు దక్కించుకోవాలని మేనేజరు ఏడాదిగా నిద్రాహారాలు మానుకున్నాడు. అయితే వాళ్ళు ఎంచుకునేది పిల్లల్ని చూసి కాదు. పిల్లలదేముంది, ఎక్కడైనా పిల్లల్లాగే ఉంటారు, మేం ఇల్లు చూస్తాం అని పెద్దబడి మేడమ్ పేరెంట్స్ మీటింగులో నవ్వుతూ సెలవిచ్చింది. ఇల్లు చూడడానికి ఇంటికి రానక్కర్లేదట. నానమ్మను చూస్తే చాలట.

అందుకని ఈ పీరియడ్. ప్రతి బిడ్డ నానమ్మా వచ్చి ఒక కథ చెప్పాలి. కథలో దెయ్యం ఉండకూడదు, చావు ఉండకూడదు, ఆకలి ఉండకూడదు. సవతితల్లి మాటే ఎత్తకూడదు. రాక్షసుడు ఉండవచ్చుగాని కథ అయ్యేలోగా పళ్ళు తోముకోవాలి. నానమ్మ మాట స్పష్టంగా ఉండాలి. పిల్లల్ని ఒళ్ళోకి లాక్కోకూడదు. పాట అందుకోకూడదు. ముక్కు చీదకూడదు. ఇవన్నీ తీసేశాక మిగిలే మనిషిని నానమ్మ అని ఎందుకు పిలవాలో క్లాస్ టీచరు చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ముందుగా పళ్ళడాక్టరు తల్లి లేచింది. లేస్తూనే మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నక్కకు ఆకలేసిందని చెప్పబోయి, నాలుక కరుచుకుని, నక్క సుష్ఠుగా భోంచేసి బయల్దేరిందని దిద్దుకుంది. ఆపైన నక్కకు చెయ్యడానికి పనేమీ లేకపోయింది. టీచరు గంట కొట్టింది. పెద్దబడి మేడమ్ గోడ గడియారం వంక చూసింది.

తరువాతి వంతు బుజ్జమ్మది.

"అమ్మా, లే" అన్నాడు మేనేజరు.

పెద్దావిడ లేచింది. నున్నగా దువ్విన తెల్లజుట్టు, సన్నంచు కళ్ళద్దాలు, లేతనీలం శాలువా. ఇంట్లో కుదరదని రోజూ సాయంత్రం షోరూములో కూర్చోబెట్టి మరీ మేనేజరు ఆవిడకు తర్ఫీదు ఇచ్చాడు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ నవ్వాలి, బుజ్జమ్మ తల ఎప్పుడు నిమరాలి అన్నీ నేర్పాడు. కథ మాత్రం ఇంటిదే. రోజూ బుజ్జమ్మ నిద్రపోయే ముందు వినేదే. దారి తప్పిన మేఘం ఒకటి ఇంటింటి తలుపూ తట్టి, మీ పెరట్లో కురవనా అని అడుగుతుంది. అందులో దాహంతో ఒక ముసలమ్మ చచ్చిపోయే చోటు ఉంటే, దాన్ని మేనేజరే కత్తిరించాడు.

ఆవిడ చెప్పింది. ఒక్క మాట తొణకలేదు. పిల్లలు కదల్లేదు. పెద్దబడి మేడమ్ గడియారం సంగతి మరిచిపోయింది. నోరు విప్పకుండా ఉంటే సైకిలు కొనిపెడతానని తండ్రి మాటిచ్చాడు కనక బుజ్జమ్మ పెదవులు బిగించి కూర్చుంది.

మేడమ్ ఆ పిల్లవైపే వంగింది. "ఏమ్మా, మీ నానమ్మ రోజూ ఇలాగే చెప్తుందా?"

సైకిలు ఒక్క క్షణం ఊగిసలాడింది.

"ఇలా కాదు. రాగం తీసి చెప్తుంది. మేఘం తలుపు తట్టినప్పుడల్లా నా పొట్ట మీద తడుతుంది."

మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. పెద్దావిడ రెప్పకూడా వాల్చలేదు.

"ఇంటి ముచ్చట్లు ఇంట్లోనేనే బంగారూ" అంది, బుజ్జమ్మ తల నిమురుతూ.

గదంతా నవ్వింది. ఇలాంటి పెద్దదిక్కు ఉన్న ఇంటికి కాక సీటు ఇంకెవరికిస్తామని మేడమ్ అక్కడే తేల్చేసింది. తల్లిని ఇంత అపురూపంగా చూసుకునే కొడుకులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని టీచర్లందరి ముందూ మేనేజరును మెచ్చుకుంది.

మేనేజరు చేతులు కట్టుకున్నాడు. "అంతా అమ్మ చలవేనండీ."

పళ్ళడాక్టరు మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా లేచాడు. "పదమ్మా. మన నక్కకు ఆకలేస్తోంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. సరుకు ఎక్కడ ఉంచాలో తెలియని మనిషి అని మేనేజరు జాలిపడ్డాడు.

మేడమ్ మేనేజరు కారుదాకా వచ్చి, పెద్దావిడను తన చేతులతో ఎక్కించి సాగనంపింది. కారు వీధి మలుపు తిరిగాక, ఇక మాట్లాడొచ్చా అని బుజ్జమ్మ అడిగింది. మాట్లాడొచ్చన్నాడు మేనేజరు. ఆ పిల్ల అప్పటికే కారు తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. ఇల్లు రాగానే దూకి, పరిగెత్తి, రెండు చేతులతో తలుపు బాదింది.

తలుపు తీసింది మేనేజరు కన్నతల్లి. కొడుకు పక్కన నిలబడ్డ పెద్దావిడను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, "ఏరా, నేను కథ బాగా చెప్పానటా?" అని అడిగింది.