డౌట్ల బాబాయ్

ఆ సాయంత్రం క్లాసు మొదలుకాకముందే గెట్ మాస్టారికి కడుపు మండిపోయింది.

తన విద్యార్థులంతా కింద మెట్ల మీద డౌట్ల బాబాయ్ చుట్టూ మూగి గుసగుసలాడుతున్నారు. మాస్టారు కనబడగానే టక్కున నోళ్ళు మూసేశారు.

మాస్టారిది పెద్దవాళ్ళకు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే క్లాసు. ‘గెట్’ అనే ఒక్క క్రియను పట్టుకుని వారమంతా చెప్పగలడు. నిద్ర లేవడానికీ గెట్టే, బస్సెక్కడానికీ గెట్టే, తడవడానికీ, పెళ్ళి చేసుకోవడానికీ గెట్టే. అది చెప్పడంలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం.

డౌట్ల బాబాయ్ కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసే నడివయసు మనిషి. ఈమధ్యే చేరాడు. రోజూ లేచి ఏదో ఒక వెర్రి ప్రశ్న వేస్తాడు.

“మాస్టారూ, గెట్ అంటే పొందడం అన్నారు కదా. మరి జలుబును ఎవరైనా పొందుతారా?”

క్లాసంతా గొల్లుమంటుంది. బాబాయ్ కూడా నవ్వేస్తాడు. మాస్టారు మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొస్తాడు.

ఒక్క ముక్క వంటబట్టని ఈ మనిషి దగ్గర వాళ్ళకేం పని? తన చుట్టూ ఏనాడైనా అలా మూగారా? మెట్ల మీద వేరే కుంపటి పెట్టాడన్నమాట. రేపు ఎదురుగా బోర్డే కడతాడు. ఆ ఊహకే మాస్టారు అసూయతో ఉడికిపోయాడు.

ఆ రోజు బాబాయ్ లేచి నిలబడగానే మాస్టారు చాక్‌పీసు చాపాడు.

“నా స్టూడెంట్లని లాక్కోవాలనేగా నీ ఎత్తు. రా, పాఠం నువ్వే చెప్పు. చేతకాకపోతే రేపట్నుంచి రాకు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“మీలా నేనెక్కడ చెప్పగలను మాస్టారూ” అని బాబాయ్ సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారి ప్రాణం కుదుటపడింది. మర్నాటినుంచి పాఠానికి అడ్డే లేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

రానురాను బెంచీలు ఖాళీ అయ్యాయి. ఇక క్లాసు మూసేసుకోవడమే అన్నంతవరకూ వచ్చింది. అంతా వాడే చేశాడని మాస్టారు పళ్ళు నూరాడు.

చివరికి, తానూ మానేస్తున్నానని చెప్పడానికి వచ్చిన టైలరమ్మను నిలదీశాడు.

“నువ్వూ వాడి దగ్గరికేనా?”

ఆయన ఎక్కడా చెప్పడం లేదంది టైలరమ్మ. కొట్టుకు వెళ్ళి బతిమాలినా, పాఠం మాస్టారి దగ్గరే నేర్చుకోమన్నాడట.

“మరి ఆ మెట్ల మీద గుసగుసలేంటి?”

ఆమె తల దించుకుంది.

“మా డౌట్లు ఆయనకి చెప్పుకునేవాళ్ళం సార్. ఈ వయసులో లేచి అడగాలంటే మాకు సిగ్గు. ‘నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, అంత బాగా విడమరిచి చెప్పే మాస్టారిని మాత్రం వదులుకోకండి’ అని, అవన్నీ తన డౌట్లన్నట్టు ఆయనే అడిగేవారు.”