ఏడో నంబరు అర

“ఏడవని మనిషి చేతికి శవాన్ని ఎలా ఇవ్వమంటారమ్మా?” అన్నాడు మార్చురీ గుమస్తా.

ఆవిడ బల్లకు అవతల నిలబడి ఉంది. వయసు యాభై దాటి ఉంటుంది. చంకలో ఉతికి మడతపెట్టిన తెల్ల దుప్పటి, చేతిలో రెండు కాగితాలు. శవాన్ని తీసుకువెళ్ళడానికి తమకు అభ్యంతరం లేదని పోలీసులు ఇచ్చింది ఒకటి. చర్చి స్థలంలో పూడ్చుకోవచ్చని పాస్టరుగారు రాసింది ఇంకొకటి. రెండూ సక్రమంగానే ఉన్నాయి. ఆవిడ మొహం చూస్తేనే అతనికి అనుమానంగా ఉంది. అందులో ఏమీ లేదు.

“తొమ్మిది రోజులైంది ఆ కుర్రాడు ఇక్కడికొచ్చి. వీధి గొడవలో పొడిచేశారు. ఒక్కరూ తొంగిచూడలేదు. ఇవాళ మధ్యాహ్నం మునిసిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయేది. ఇప్పుడొచ్చి నాదంటున్నారు.”

“నాదనలేదు బాబూ. తీసుకెళ్తానన్నాను.”

గుమస్తా కాగితాలు మరోసారి చూశాడు. తాళంచెవులు తీసుకుని ముందు నడిచాడు.

లోపల ట్యూబులైటు సన్నగా గుయ్యిమంటోంది. గోడ పొడవునా స్టీలు అరలు. ఏడో నంబరు అర లాగాడు. పదకొండేళ్ళుగా లాగుతూనే ఉన్నాడు. కిందటి నెల కన్నతండ్రిని ఉంచిన అర లాగినప్పుడు కూడా చేతికి ఇంతే బరువు తగిలింది, కంట్లో చుక్క రాలేదు. భార్య ఆ సంగతే పట్టుకుంది. “మీ గుండె గడ్డకట్టిందండీ, ప్రార్థనకైనా రండి” అంటూ ఆదివారం ఆదివారం చర్చికి లాక్కెళ్తోంది. అతను వెళ్తాడు. అందరూ లేస్తే లేస్తాడు, కూర్చుంటే కూర్చుంటాడు.

“నీళ్ళు దొరుకుతాయా?” అని అడిగింది ఆవిడ.

“కడగక్కర్లేదమ్మా. ఎలాగూ పెట్టె మూసేస్తారు.”

“నేను లాండ్రీలో పనిచేస్తాను బాబూ. చూసి ఊరుకోలేను.”

అతను బకెట్టు తెచ్చిపెట్టాడు. ఆవిడ గుడ్డ తడిపి ఒక్క మెలికతో పిండింది. నుదురు తుడిచింది. చెవుల వెనక, గడ్డం కింద, వేళ్ళ సందుల్లో ఎండిపోయిన మట్టి తీసింది. డొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

“మూడా?” అంది.

“మూడు. రెండో పోటే ప్రాణం తీసిందని డాక్టరుగారు రాశారు.”

ఆవిడ అక్కడే అరచెయ్యి ఆనించి ఉండిపోయింది. పెదాలు కదులుతున్నాయి. గుమస్తా చెవి ఒగ్గి విన్నాడు. పెద్ద ప్రార్థనేమీ కాదు. “క్షమించు నాయనా” అన్న రెండు ముక్కలే, తిప్పి తిప్పి. అడుగుతున్నది దేవుణ్ణో, ఆ కుర్రాణ్ణో అతనికి తెలియలేదు.

ఆవిడ గుడ్డ జాడిస్తుంటే ఉండబట్టలేక అడిగేశాడు.

“కోపగించుకోకండి. ఇంత నిబ్బరం ఎక్కణ్ణించి వచ్చింది మీకు? మా ఆవిడ శాంతి శాంతి అంటూ ఉంటుంది. అది ఇదేనా?”

“శాంతో ఏమో నాకేం తెలుసు బాబూ. ఇన్నాళ్ళూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఓదార్చమని అడిగాను, పలకలేదు. నన్ను కూడా తీసుకుపొమ్మన్నాను, దానికీ పలకలేదు. నిన్న పొద్దున ఇస్త్రీ చేస్తుంటే, ఆ పిల్లాడు చలిలో ఒంటరిగా ఉన్నాడు, వెళ్ళు అనిపించింది. అప్పట్నుంచి చేతులు వణకడం మానేశాయి.”

“అంతేనా?”

“అంతే. ప్రభువు ఇచ్చింది అంతే. ఇవాళ్టికి సరిపోతుంది.”

ఆవిడ దుప్పటి విప్పింది. గుమస్తా రెండో వైపు వెళ్ళి కొస పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. అది అతని పని కాదు, ఇన్నేళ్ళలో ఎవరికీ పట్టలేదు. ఇద్దరూ కలిసి ఆ కుర్రాణ్ణి మెడదాకా చుట్టారు. మొహం మీదికి అంచు లాగేముందు ఆవిడ వంగి, కుర్రాడి జుట్టు పక్కకు సర్దింది. గుమస్తా తన వైపు దుప్పటి మడత సరిచేశాడు.

బయట అంబులెన్సు వచ్చి ఆగింది. మనుషులు స్ట్రెచరు తీసుకుని లోపలికి వెళ్ళారు. గుమస్తా బల్ల దగ్గరికి వచ్చి రిజిస్టరు తెరిచాడు. ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, మృతుడికి ఏమవుతారన్న చోట, ఈ పరిస్థితిలో మళ్ళీ అడగడం ఎందుకని, తనే “తల్లి” అని రాసేశాడు.

ఆవిడ వంగి చూసింది. “ఆ మాట కొట్టేయండి బాబూ.”

“అదేంటమ్మా? మీరు తల్లి కారా?”

“తల్లినే,” అంది ఆవిడ. “పొడిచినవాడికి.”