రాజుగారి సైన్యం

తెర తొలగేసరికి రాజుగారు పళ్లు తోముకుంటున్నారు.

నోటినిండా నురగ. భుజాన తువ్వాలు. ఎదురుగా కుర్చీలో ముఖ్య అతిథి. ఆవిడని చూడగానే రాజుగారు కంగారుపడి నురగ మింగేశారు.

“ఇది మొదటి రంగం, మేడమ్. రాజు నిద్రలేచాడు,” అని భరద్వాజ్ అతిథికి ఇంగ్లీషులో వివరించాడు.

ఆవిడ తల ఊపింది. భరద్వాజ్‌కి కాస్త ఊపిరి ఆడింది.

భరద్వాజ్ లండన్‌లో చదువుకుంటున్నాడు. ఇంగ్లండులో ఉన్నది కాదు, కెనడాలోది. ఈ ముక్క చుట్టాలకి చెప్పీ చెప్పీ అతని నోరు అరిగిపోయింది. ఆ ఏడాది విమానం దిగిన పిల్లలంతా ఆ ఊరికే వచ్చారా అన్నట్టుండేది. నాటకాల్లో అతనికి ఓనమాలు రావు. అయినా పొద్దున్నే దర్శకత్వం నెత్తిన పడింది, మోయక తప్పలేదు.

ముఖ్య అతిథి అన్నాక ఆలస్యంగా రావడం మర్యాద. ఈవిడ ఎవరూ మొహం కడుక్కోకముందే వచ్చేసింది. పైగా సిటీ ఆఫీసు మనిషి. ఆవిడ నవ్వుతూ వెళ్తే అందరూ చల్లగా ఉంటారు. మొహం చిట్లించుకుని వెళ్తే మాత్రం అందరి బతుకూ రోడ్డున పడుతుంది. అందుకే భరద్వాజ్ ఉన్న ఒక్క మంచి కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టాడు. శాలువా దొరక్క కొత్త దుప్పటి కప్పాడు. అల్లం టీ చేతికిచ్చాడు.

“నేను రాజునేందిరా? నాకు పదింటికి క్లాసుంది,” అని రాజుగారు, అంటే జయదేవ్, తెలుగులో గొణిగాడు.

“నోర్మూసుకుని సింహాసనం ఎక్కు,” అన్నాడు భరద్వాజ్ పళ్ల బిగువున.

సింహాసనమంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు సూట్‌కేసులు. జయదేవ్ ఎక్కి కూర్చున్నాడు. పైది జారింది. మహారాజు వెల్లకిలా పడ్డాడు.

భరద్వాజ్ గబగబా రెండో తెర లాగాడు. తెరలకి మాత్రం ఆ నాటకంలో లోటు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్లు, తాళ్ల మీద దుప్పట్లు. రెండో తెర వెనక వీరభద్రం గురకపెట్టి నిద్రపోతున్నాడు.

“మామా, లెయ్. నువ్వు సేనాపతివి,” అన్నాడు భరద్వాజ్ అతని చెవిలో.

“ఇప్పుడే నైట్ షిఫ్ట్ దిగా. సేనాపతి లీవ్‌లో ఉన్నాడని చెప్పు,” అని వీరభద్రం అటు తిరిగి పడుకున్నాడు.

భరద్వాజ్ అతిథి వైపు తిరిగి విచారంగా తల దించాడు. “సేనాపతి యుద్ధంలో చనిపోయాడు, మేడమ్.”

చనిపోయిన సేనాపతి దుప్పటి లాక్కుని కాళ్లు కప్పుకున్నాడు.

ఇంతలో గ్రీన్‌రూమ్ తలుపు తెరుచుకుంది. ఉన్నదే ఒక్క గ్రీన్‌రూమ్, దానికి పొద్దుట్నుంచీ క్యూ. లోపలినుంచి శంకర్ తలకి తువ్వాలు చుట్టుకుని, వణుకుతూ బయటికొచ్చాడు.

“యువరాణి,” అన్నాడు భరద్వాజ్.

“యువరాణికి మీసాలున్నాయే,” అందావిడ.

“మా దగ్గర పాత ఆచారం, మేడమ్. ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు.” ఆ ముక్క నిజమే.

యువరాణి సభనంతా కలియజూసింది. “వేడినీళ్లు అయిపోగొట్టిన వెధవ ఎవడ్రా?” అని అడిగింది.

“రాజ్యంలో కరువొచ్చిందని విలపిస్తోంది,” అని భరద్వాజ్ అనువదించాడు.

వంటింటి వైపు కుక్కర్ కూతేసింది. యుద్ధభేరి అని చెప్పబోయేలోపే, పప్పు మాడిపోతుందని మహారాజు లేచి అటు పరుగుతీశాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. మంచు దులుపుకుంటూ ఒకడు వచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక మరో ముగ్గురు. భరద్వాజ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

“వీళ్లెవరు?” అందావిడ.

“సైన్యం, మేడమ్.”

“ఇంతమందా?”

“రాజన్నాక సైన్యం ఉండాలి కదండీ.”

సైన్యం ఆవిడని చూసి గతుక్కుమంది. అయినా ఆకలి ఆగదు కదా, సరాసరి ఫ్రిజ్ మీద దండెత్తింది. ఒక సైనికుడు బూట్లు విప్పి, చనిపోయిన సేనాపతి పక్కనే దుప్పట్లో దూరాడు.

“వీరమరణం,” అన్నాడు భరద్వాజ్. ఆ గొంతులో ఏడుపు నటన కాదు.

పప్పు మాడనే మాడింది. పొగ లేచి అలారం కూయడం మొదలుపెట్టింది. దాన్ని ఆపాలని జయదేవ్ గరిటె పట్టుకుని గెంతాడు. గరిటె తాడుకి తగులుకుంది. తాడు తెగింది. తెరలన్నీ ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి.

నాటక సమాజం మొత్తం ఒక్కసారిగా బయటపడింది. లుంగీల్లో కొందరు, నిక్కర్లలో కొందరు, చేతిలో పెరుగన్నం కంచంతో ఒకడు.

పరువు పోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు భరద్వాజ్. ఇక మిగిలింది ఒక్కటే. నాటకం ముగిశాక మంగళం పాడటం ఆచారం. చేతులు జోడించి అందుకున్నాడు. మిగతావాళ్లూ అందుకున్నారు, ఎవరి రాగం వాళ్లది. సేనాపతి కూడా పడుకునే చేతులు జోడించాడు.

అతిథి లేచి నిలబడింది. చప్పట్లు కొట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. గండం గడిచిందని భరద్వాజ్ ముక్కోటి దేవతలకీ దణ్ణం పెట్టుకున్నాడు.

ఆవిడ మళ్లీ కుర్చీలో కూర్చుని టీ కప్పు అందుకుంది.

“చాలా బాగుంది, ఇక నటులందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్తే, ఇద్దరికని అద్దెకిచ్చిన ఈ బేస్‌మెంట్‌లో నిజంగా ఎంతమంది ఉంటున్నారో నా తనిఖీ నేను చేసుకుంటాను,” అంది.