కలపని చుక్కలు

“ఆంటీ, ప్లీజ్! దాన్ని టచ్ చేయొద్దు!”

మైత్రి కేక హాలు గోడలకు తగిలేసరికే ఆలస్యమైపోయింది. నల్లరంగు పూసిన చెక్క వేదిక మీద గొంతుక్కూర్చున్న పెద్దావిడ చివరి గీతను మొదటి గీతలో కలిపి, వేళ్ళకంటిన బియ్యప్పిండిని కొంగుకు తుడుచుకుంది.

“అయిపోయిందిలేమ్మా. అయినా సగం ముగ్గు వేసి వదిలేస్తారా ఎవరైనా? గుమ్మంలో శుభమా అది?”

“ఇది గుమ్మం కాదు ఆంటీ, మ్యూజియం. అది ఆర్ట్!”

“ఆర్టయితే మటుకు పూర్తి చేయొద్దూ?”

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ చిన్న మ్యూజియంలో మైత్రి చేరి నాలుగు నెలలైంది. దక్షిణాఫ్రికా చిత్రకారుల ప్రదర్శన ఆమెకు అప్పగించిన మొదటి పని. ఆ ముగ్గు దమయంతి అనే డర్బన్ చిత్రకారిణిది. ఆమె పూర్వీకులు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కిన తెలుగువాళ్ళు. ఆర్ట్ కాలేజీ తలుపులు తెల్లవాళ్ళకే తెరుచుకునే రోజుల్లో ఆమె ఒక చర్చి వెనక గదిలో లినోలియం ముక్కలు చెక్కి అచ్చులు వేయడం నేర్చుకుంది. అంతకు చాలా ముందు, ఆమెకు ఆరేళ్ళప్పుడు, అవ్వ వాకిట్లో ముగ్గు వేస్తుండగా బస్తీ ఖాళీ చేయించే లారీలు వచ్చాయి. అవ్వ సగంలో లేచింది. మళ్ళీ ముగ్గుగిన్నె పట్టకుండానే పోయింది.

ఆ సగం ముగ్గే ఈ చిత్రం. ఎడమవైపు మెలికలు, కుడివైపు ఉత్త చుక్కలు. గోడ మీది పరిచయం మైత్రే రాసింది: ‘ఇక్కడ లేనిదే అసలు చిత్రం. ఈ శూన్యం లోపం కాదు, ఒక మాట.’ ఆ రెండు వాక్యాలకు ఆమెకు వారం పట్టింది.

ముగ్గు వేయడానికి దమయంతి ఒక నమూనా కాగితం, రెండు సూచనలు పంపింది. కుడివైపు చుక్కలు మీరు కలపకండి. పక్కన గిన్నెలో పిండి ఉంచండి. గిన్నె ఎందుకో రాయలేదు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు మాత్రం మ్యూజియం పెట్టింది.

“బోర్డు చూడలేదా ఆంటీ?”

“బాత్రూం కోసం లోపలికొచ్చానమ్మా, బోర్డులు చదవడానిక్కాదు. మా మేనకోడలు కార్లో ఉంది. ఇవాళే నాకు ఇండియా ఫ్లైటు.”

మైత్రి ముగ్గు వైపు చూసింది. కుడి సగం ఎడమ సగానికి ప్రతిబింబం కాదు. మెలికలు మరోలా తిరిగాయి. అయినా మొత్తం ఒకటే గీత, ఎక్కడా తెగలేదు.

“అందరూ ఎడమలాగే కుడి అనుకుంటారు,” అంది పెద్దావిడ ఆమె చూపు పట్టుకుని. “కాదు. ఈ గీత వెళ్ళిన దారిన రాదు. వేరే దారిన తిరిగొచ్చి కలుస్తుంది. చుక్కల వరస చూడగానే పోల్చుకున్నాను, మొదలెట్టినావిడ మా వైపు మనిషే. మా అమ్మ నేర్పింది నాకు. ఇప్పుడు మా ఊళ్ళోనే ఎవరికీ రాదు, స్టిక్కర్లు అంటిస్తున్నారు!”

బయట హారన్ మోగింది.

“వస్తానమ్మా. కాస్త తిను, మరీ పుల్లలా ఉన్నావు.”

మైత్రి ఆమె పేరు కూడా అడగలేదు. ముగ్గును ఫోటో తీసి, తన పై అధికారి నీరజ్‌కు ఫోన్ చేసింది.

“డ్యామేజ్ రిపోర్ట్ రాయనా?”

“పిచ్చా? దమయంతి నాలుగింటికి వస్తోంది. తెలిస్తే వర్క్ విత్‌డ్రా చేసుకుంటుంది, ముందు నీ జాబ్ పోతుంది, తర్వాత నాది. నమూనా ఉందిగా, చూసి రిస్టోర్ చేయి.”

“ఫోటో తీశాను...”

“డిలీట్ చేయి. ట్రాష్‌లోంచి కూడా.”

ఫోటోను ట్రాష్‌లోంచి కూడా తీసేసి, హాలు మూసి, మెత్తటి బ్రష్ పట్టుకుంది. ఒక చేయి పది నిమిషాల్లో కలిపినదాన్ని విడదీయడానికి ఆమెకు మూడు గంటలు పట్టింది. గీత చెరిగే కొద్దీ చుక్కలు ఒక్కొక్కటే మళ్ళీ ఒంటరివయ్యాయి. మధ్యలో ఒకసారి బ్రష్ ఆగింది. నిండినదాన్ని ఖాళీ చేసి, దాన్నే బాగుచేయడం అనుకుంటున్నానా? జవాబు వెతికే వ్యవధి లేదు. గడియారం మూడు దాటింది. నమూనాతో సరిచూసుకుని, గిన్నె నింపి, తలుపులు తెరిచింది.

నాలుగింటికి చేతికర్రతో దమయంతి వచ్చింది. గోడల మీది తన అచ్చు చిత్రాలను దాటుకుని నేరుగా వేదిక దగ్గరకు నడిచింది. కష్టంగా వంగి, కుడివైపు చాలాసేపు చూసింది. తర్వాత నిండుగా ఉన్న గిన్నెలోకి చూసింది.

“ఎవరూ ముట్టుకోలేదా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“లేదు మేడమ్. ఒక్క చుక్క కూడా కదల్లేదు.”

దమయంతి ముఖంలో ఏదో ఆరిపోయింది. ప్రయాణపు అలసట కాబోలనుకుంది మైత్రి.

“ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది ఉంటారని విన్నాను.”

“చాలామంది మేడమ్. మేమూ తెలుగే.”

“నీకు ముగ్గులు వచ్చా?”

“నాకా? లేదు. సారీ.”

“ఫరవాలేదు. పన్నెండేళ్ళలో ఈ ముగ్గుకు ఇది తొమ్మిదో ఊరు.” గోడ మీది పరిచయం వైపు తల తిప్పింది. “శూన్యం గురించి చక్కగా రాశావు. అందరూ ఇలాగే రాస్తారు.”

“మరి మీరు దాన్ని ఎందుకు వదిలేశారు మేడమ్?”

దమయంతి చుక్కల మీంచి చూపు తిప్పలేదు. ఇంతసేపూ మాట్లాడిన ఇంగ్లీషు వదిలి, అవ్వ దగ్గర మిగుల్చుకున్న కాస్త తెలుగులో, తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది.

“మిగతా సగం నాకు రాదు.”