అల మీద కన్ను

"అమ్మాయ్, అలా తీస్తే మనిషి మసకగా పడతాడు."

యారెట్సీ వెనక్కి తిరిగింది. గడ్డం మాసిన పెద్దాయన ఒకడు చెప్పులు చేత్తో పట్టుకుని తడిరాతి మీద నిలబడి ఉన్నాడు.

"మీకెలా తెలుసు?"

"షట్టర్ నెమ్మదిగా పడుతోంది. చప్పుడు వింటే తెలుస్తుంది. వేగం పెంచు."

పెంచింది. ఫోటో నల్లగా వచ్చింది.

"చూడండి, చీకటైపోయింది. చెప్పడం తేలికే."

"వేగం పెంచితే వెలుతురు తగ్గుతుంది తల్లీ. అపర్చర్, అదే వెలుతురొచ్చే కంత, ఇంకాస్త తెరువు."

ఈసారి నీళ్ల మీద ఎగురుతున్న కొంగ రెక్కలో ఈకలు కూడా విడివిడిగా పడ్డాయి.

"మీకు కెమెరా ఉందా?"

"ఉండేది."

మెక్సికో తీరంలో ఆ కొండ మీంచి సముద్రంలోకి దూకేవాళ్లని చూడటానికి ఆదివారం ఊరంతా వస్తుంది. ఇవాళ దూకేది యారెట్సీ తమ్ముడు నాహుమ్. అంత ఎత్తు నుంచి వాడికిదే మొదటిసారి. భయంతో తల్లి ఇల్లు కదల్లేదు. వాడు దూకిన ఫోటో చూసేదాకా గుక్కెడు కాఫీ కూడా ముట్టనంది. కెమెరాని దాని మానాన వదిలేస్తే ఎండకి మనిషి నల్లటి నీడలా పడుతున్నాడు. అందుకే పొద్దుట్నుంచి యారెట్సీ ఆ మరలు తిప్పుకుంటూ కుస్తీ పడుతోంది.

కొండ అంచున నిలబడినవాడికి అల కనబడదు. కింద బండ అడ్డం. అల లోపలికొచ్చి నీళ్లు నిండుతున్నప్పుడు కిందనుంచి ఎవరో చెయ్యెత్తాలి, అది చూసి దూకాలి. 'మా అక్కే ఎత్తుతుంది' అని నాహుమ్ పట్టుబట్టాడు.

"ఫోటో తీస్తూ చెయ్యి కూడా నువ్వే ఎత్తుతావా?" పెద్దాయన గొంతు మారింది.

"రెండు చేతులున్నాయిగా."

"చేతులు రెండు సరే. చూపు ఒక్కటేగా."

"మీకు దణ్ణం పెడతా, నన్నొదిలెయ్యండి."

ఆమె కెమెరాకి కన్ను ఆనించింది. పైన నాహుమ్ శిలువ గుర్తు వేసుకుని మునివేళ్ల మీద లేచాడు. అల హోరుమంది. యారెట్సీ ఎడమచెయ్యి పైకి లేస్తోంది.

పెద్దాయన ఆ మణికట్టు పట్టుకుని కిందికి లాగేశాడు.

"దూకొద్దు" అని గొంతు చీరుకుపోయేలా అరిచాడు.

కుదుపుకి కెమెరా దానంతటదే క్లిక్కుమంది. పైన నాహుమ్ ముందుకు తూలి, రాయి పట్టుకుని ఆగాడు.

జనం మీదపడ్డారు.

"తాగొచ్చావా?"

"పిల్లాడు జారిపోతే నువ్వు తెచ్చిస్తావా?"

చేపలమ్మే ఒటిలియా గంప దించి మరీ వచ్చింది. "ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటావా, సిగ్గులేనోడా."

ఆయన వంగి, రాళ్ల మీద పడ్డ చెప్పులు ఏరుకున్నాడు.

"మళ్లీ ఇటు రాకు" అంది యారెట్సీ.

తలూపి, రాళ్ల మీదుగా వెళ్లిపోయాడు.

కుర్రాళ్లకి దూకడం నేర్పే ముసలి క్రిస్పిన్ తనే నీళ్లలోకి దిగి చెయ్యెత్తాడు. నాహుమ్ కత్తిలా నీళ్లలోకి దిగిపోయాడు. ఒడ్డంతా ఈలలు. జనం మధ్యలోంచి యారెట్సీ కెమెరా ఎత్తేలోపే అంతా అయిపోయింది.

"ఫోటోలో పడ్డానా అక్కా?" తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు నాహుమ్.

"ఎక్కడ. ఆ ముసలాడు చెడగొట్టాడు. ఒక్కటే పడింది, అదీ నువ్వు దూకకముందు."

ఇద్దరూ తలలు ఆనించి చూశారు.

ఫోటో స్పష్టంగా ఉంది. చెయ్యి లాగడంతో కెమెరా కిందికి వాలింది. పైఅంచున నాహుమ్ కాలివేళ్లు మాత్రమే ఉన్నాయి. వాటికి సూటిగా కింద నీళ్లు లేవు. అల వెనక్కి పోతోంది. నల్లటి రాళ్లు మొదళ్ల దాకా బయటపడి, కోరల్లా నిక్కి ఉన్నాయి.

నాహుమ్ వంగి తన కాలివేళ్లకేసి చూసుకున్నాడు.

యారెట్సీ ఒడ్డు పొడుగునా పరుగెత్తింది. ఆయన ఎక్కడా లేడు. రొప్పుతూ క్రిస్పిన్ దగ్గరికొచ్చింది.

"ఆయనెవరు తాతా?"

క్రిస్పిన్ తడిచొక్కా పిండుకుంటూ చెప్పాడు.

"ఎవుసెబియో. ఏళ్ల తరబడి ఈ ఛాయలకే రాలేదు. వాళ్లబ్బాయి మొదటిసారీ, ఆఖరిసారీ దూకిన రోజున, కెమెరాలోంచి కన్ను తియ్యకుండా చెయ్యెత్తింది ఆయనే."