బుల్‌డాగ్ బుగ్గ

"నీ చేతికిస్తే సొట్ట ఖాయం" అని నా కొత్త పికప్ ట్రక్కు తాళాలు మా ఆవిడ డార్లీన్‌ను ముట్టుకోనివ్వలేదు. అయినా పాపం, పెళ్లిరోజుకు దాని ఎడమ తలుపు మీద మా ఊరి ఫుట్‌బాల్ జట్టు గుర్తు, బుల్‌డాగ్ కుక్క మొహం స్టిక్కర్ అంటించింది. చర్చికొచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయాను.

నిన్న దాణా కొట్టు దగ్గర వెనక్కి తీస్తూ నేనే స్తంభానికి కొట్టాను. కుడి తలుపు సొట్టపోయింది.

"ఇనుమైతే సుత్తితో సరిచేసేవాణ్ణి. ఇది అల్యూమినియం, తలుపే మార్చాలి. మూడు వేల డాలర్లు" అన్నాడు షెడ్డువాడు.

నా బుర్ర పాదరసం కదా! 'ప్లంబర్ వెండెల్' అని నా పేరున్న అయస్కాంతం బోర్డు తెచ్చి సొట్ట మీద పెట్టాను. జారి కాలి మీద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. ఇనుము కాదని అప్పుడే విని వచ్చిన మేధావిని.

"దీనికి అయస్కాంతం అతుక్కోదు వెండెల్, నేనూ పెట్టి చూశాను" అంది వెనక నుంచి డార్లీన్. "జిగురున్న స్టిక్కరే కొనుక్కో."

"నువ్వెప్పుడు చూశావ్?"

కాఫీ ఊదుకుంటూ తాగుతోంది.

ఎడమ తలుపు వైపు వెళ్లి బుల్‌డాగ్ బుగ్గ తడిమాను. లోపలికి పోయి ఉంది. బొమ్మ వేసినవాడి పనితనం అనుకున్నాను ఇన్నాళ్లూ.