మీటరు చేప

"పోయింది!"

నడుముదాకా నీళ్లలో నిలబడి కునియో అరిచాడు. విల్లులా వంగిన గాలం కర్ర ఒక్కసారిగా నిటారుగా లేచింది. ముదురాకుపచ్చ వీపొకటి నీటిమీద పొర్లి మునిగిపోయింది. ఇతో చేప. మీటరుకు తక్కువుండదు.

"నాలుగు గుంజులు గుంజి వదిలేసిందిరా. ఈ మూడేళ్లలో ఇది ఎనిమిదోది. నా చేతుల్లోనే ఏదో లోపముంది."

"చేతులకేమైంది! నీకు వయసైపోయిందని చేపలక్కూడా తెలిసిపోయింది, అంతే," ఒడ్డుమీంచి ముకై నవ్వాడు. నవ్వుతూనే గబగబా నీళ్లలోకి దిగాడు. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా నడుముకు కట్టుకున్న గంట గణగణ మోగింది. "ఆ ఎర ఇలా ఇవ్వు, వేరేది కడతా."

కునియో కంటికి పొర వచ్చినప్పటినుంచీ దారానికి ఈకల ఎర కట్టేది ముకైయే. ఎరల డబ్బా కూడా అతని జేబులోనే ఉంటుంది. ఈసారి మాత్రం ఎర ముందుగా కునియో చేతికి దొరికింది. తడి ఈకల్ని పక్కకు జరిపి, గాలాన్ని బొటనవేలితో నొక్కాడు. గుచ్చుకోలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"దీని మొన ఏదిరా?"

"రాయికి తగిలి విరిగుంటుంది."

కునియో జేబులోంచి భూతద్దం తీశాడు. "విరిగితే గరుగ్గా ఉండాలి. ఇది కత్తిరించినట్టు నున్నగా ఉంది. డబ్బా ఇలా తే."

"ఇప్పుడవన్నీ ఎందుకురా? టైము పోతోంది..."

"డబ్బా తే!"

డబ్బాలో పదకొండు ఎరలున్నాయి. కునియో ఒక్కొక్కటే తీసి వేలికి గుచ్చుకుని చూశాడు. పదకొండూ అయ్యాయి. ఒక్క రక్తపు చుక్క రాలేదు.

"ప్రతిసారీ కట్టేది నువ్వే. నీకు కనబడకపోవడమేంటి?"

ముకై నీళ్లలో కొట్టుకుపోతున్న పండుటాకులవైపు చూస్తూ ఉండిపోయాడు.

"నేనే," అన్నాడు చివరికి.

"ఏంటి నువ్వే?"

"నేనే కత్తిరించాను. రిటైరైన రోజు నువ్వేమన్నావు? మీటరు చేప దొరికిందంటే కర్ర అటకెక్కించేస్తాను, ఇక ఇల్లు కదలనని మీ ఆవిడ సుమియే గారికి మాటిచ్చావు. నువ్వు మానేస్తే నాకు తోడెవరు?"

కునియో డబ్బా మూత టప్పున మూశాడు. కాళ్లచుట్టూ నీళ్లు గలగలా పోతున్నాయి.

"చేప పోయిన ప్రతిసారీ నా భుజం తట్టావు కదరా! 'వచ్చేవారం తప్పకుండా పడుతుంది' అన్నావు. అలా అంటున్నప్పుడు నీకు నవ్వు రాలేదూ? సుమియే వేళ్లు నొప్పెట్టేలా ఈకలు చుట్టి కట్టినవిరా ఇవి. ఆవిడ కష్టమైనా గుర్తుకు రాలేదా?"

"తిట్టు. పడతాను."

"తిట్టను. నువ్వు నాకు ఏమవుతావని తిట్టడానికి?"

కారులో తిరుగుదారి రెండు గంటలు. వెనక సీట్లో గంట ఒక్కటే గుంతగుంతకీ మోగింది. ముకై ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో అన్నం ముద్ద అందించబోతే కునియో కిటికీవైపు తిరిగాడు.

గేటు ముందు దిగుతుంటే ముకై అన్నాడు, "ఇంట్లో సుమియే గారితో మాత్రం ఏమీ అనకురా."

"ఎందుకనను? నీ సంగతి ఆవిడకూ తెలియాలిగా!"

కారు తలుపు గట్టిగా మూసి లోపలికి నడిచాడు.

సుమియే బల్ల ముందు కూర్చుని, రేడియోతో కలిసి కూనిరాగం తీస్తూ ఎరలు కడుతోంది. అతన్ని చూడగానే రాగం ఆగిపోయింది.

"అప్పుడే వచ్చేశారేం? ఇంకా మూడైనా కాలేదు!"

కునియో నిలబడే అంతా చెప్పాడు. ఆమె తల వంచుకుని విన్నది.

"ముకై గారు... తనే చేశానన్నారా?"

"తన నోటితోనే అన్నాడు."

"పాపం."

"పాపమేంటి? నలభై ఏళ్ల స్నేహితుడు ఇలా చేస్తే, వాడిమీద జాలేంటి నీకు?" కునియో ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. "పోనీలే. నాకు నువ్వున్నావు. ఇక ఆ నది మొహం చూడను. చేప దొరక్కపోతేనేం, నీకిచ్చిన మాట నిలబెట్టుకుంటా. రేపటినుంచి రోజంతా ఇంట్లోనే, నీ పక్కనే."

సుమియే చేతిలోని ఈక జారిపోయింది.

"రోజంతానా?"

"రోజంతా. నువ్వు బజారుకు వెళ్తే సంచి పట్టుకుని వెనకే వస్తా."

ఆమె వంగి అతని ప్యాంటుకు అంటుకున్న తడి ఆకును లాగింది. అది ఒక పట్టాన ఊడి రాలేదు. సగం చిరిగి ఆమె వేళ్లకే అంటుకుంది.

"చల్లగాలిలో తిరిగొచ్చారు. సూప్ వేడి చేసి తెస్తా," అని వంటగదిలోకి వెళ్లింది.

కునియో ఆమె కుర్చీలో కూలబడ్డాడు. ఇంకా వెచ్చగానే ఉంది. ఈ ఇంట్లో ఒక్క మనిషైనా తనకోసం కూర్చుని ఇంత ఓపిగ్గా పనిచేస్తోంది అనుకుంటే కళ్లు తడిశాయి. చెల్లాచెదురుగా ఉన్న ఈకల్ని ఆమెకోసం సర్దిపెడదామని అరచేత్తో దగ్గరికి లాగాడు.

చురుక్కుమంది. అరచేతిలో రక్తపు చుక్క.

ఈక ముల్లేమో అనుకుని భూతద్దం తీసి చూశాడు. ముల్లు కాదు, గాలం మొన. కటింగ్ ప్లయర్ పక్కనే, ఆమె తాగిన టీ సాసర్‌లో, అలాంటివి ఇంకా చిటికెడు మెరుస్తున్నాయి.